వదిన బిగించిన కంప్యూటర్

పోయిన మంగళవారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ వదిన పోయిందిరా" అని పెట్టేశాడు. ఆవిడ జబ్బు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. చేతికందిన రెండు జతలు సంచిలో కుక్కుకుని బయలుదేరాను. నరసరావుపేట బస్సులో కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

మా వదిన గురించి చెప్పాలంటే కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టాలి. ఎనభైల చివర్లో, మా పేటలో కంప్యూటర్ అంటే పేపర్లో బొమ్మ చూడటమే. అప్పుడు ఆవిడ మా ముందు గదిలో ఒకదాన్ని సొంతంగా బిగించింది. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి మా ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. మద్రాసులో ఉన్న తమ్ముడి చేత బోర్డులు, చిప్పులు, కార్డులు ఒక్కొక్కటే తెప్పించుకుంది. పైపెట్టె మాత్రం మా ఊరి సరుకే. ట్రంకు పెట్టెలు చేసే సాయిబు గారి చేత రేకుతో చేయించింది. మా వైపు దుమ్ము సంగతి తెలిసినవాడు కాబట్టి ఆయన చీమ కూడా దూరకుండా మూత చేసి ఇచ్చాడు.

ఆ గదిలో ఆడపిల్లలకు కంప్యూటర్ క్లాసు పెట్టాలని ఆవిడ కోరిక. నాన్న కాదనలేదు, ఔననలేదు. "ఉగాది నాడు పదిమందిని పిలువమ్మా. వాళ్ళ ముందర సరిగ్గా నడిస్తే గది నీది. నడవకపోతే బస్తాలేసుకుంటా" అన్నాడు. మాది విత్తనాల కొట్టు, బస్తాలకు ఎప్పుడూ చోటు చాలదు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ కంప్యూటర్ వదిన ఒక్కతే ఉన్నప్పుడు బుద్ధిగా పనిచేసేది. ఎవరైనా చూడటానికి వస్తే కాసేపటికి బిగుసుకుపోయేది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఎక్కడివక్కడ నిలబడిపోయేవి. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మేనత్త వచ్చినప్పుడూ అంతే, కాలేజీ ప్రిన్సిపాల్ గారు వచ్చినప్పుడూ అంతే. "ఏందమ్మా, మమ్మల్ని చూసి సిగ్గుపడతందా?" అని నవ్వి వెళ్ళిపోయాడాయన. ఆ పూట వదిన అన్నం తినలేదు.

నాది అప్పటికీ ఇప్పటికీ తొందర యవ్వారమే. రేడియో ఆగితే నెత్తిన ఒకటి మొట్టి నడిపించేవాణ్ణి. దీనికీ చెయ్యెత్తాను. వదిన పట్టుకుని ఆపింది. "కొడితే నడవొచ్చు మరిదీ. ఎందుకు నడిచిందో తెలవకపోతే రేపు మళ్ళా ఆగుద్ది" అంది.

ఆవిడ పద్ధతి వేరు. బోర్డు ముట్టుకునే ముందు, ఒంట్లో ఏమన్నా కరెంటు ఉంటే పోవాలని, కిటికీ ఊచ పట్టుకుని నిలబడేది. చూసినవాళ్ళు దణ్ణం పెట్టుకుంటోందనుకునేవాళ్ళు. విప్పిన స్క్రూలు ఊరగాయ సాసర్లో వేసేది. కార్డుల అంచులను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చేది. ఏం చేసినా "ఒకసారికి ఒకటే మార్చాలి" అనేది. చిప్పులు మార్చి కొన్నాళ్ళు చూసింది, స్టెబిలైజర్ మార్చి కొన్నాళ్ళు చూసింది. వంటలోనూ ఇదే వరస. పప్పుచారు కుదరకపోతే ఒకరోజు ఉప్పు మార్చేది, ఒకరోజు చింతపండు మార్చేది. కుదిరేదాకా తినాల్సింది మేము. మొన్న ఆసుపత్రిలో కూడా రెండు మందులు ఒకేసారి మార్చారని డాక్టరుతో గొడవ పెట్టుకుందట. ఇవాళ నాకు ఏది పాడైనా కొట్టే ముందు ఆగి ఆలోచించే బుద్ధి కాస్తయినా ఉందంటే, అది ఆవిడ చలవే.

అసలు చికాకు ఎక్కడంటే, తప్పు వెతుకుదామని విప్పి కూర్చుంటే అది పొద్దంతా నడిచేది.

ఉగాది దగ్గరపడింది. అమ్మ తేల్చి చెప్పింది. "దిష్టే. మనుషులొస్తేనే ఆగతా ఉంటే ఇంకేముంటది?" నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి గుమ్మానికి కట్టింది. నేను పకపకా నవ్వాను. వదిన నవ్వలేదు.

"అత్తయ్య చూసింది నిజమే గదా. మనుషులొస్తే ఇంట్లో ఏమేం మారతాయో చెప్పు మరిదీ" అంది.

ఫ్యాన్ వేస్తాం, కుర్చీలు తెస్తాం, కాఫీ పెడతాం అంటూ నేను ఏకరువు పెడుతున్నాను. వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "నేను మూత పెట్టిస్తాగా. వచ్చినోళ్ళ ముందర పేగులు బయటేసుకుంటే ఏం బాగుంటదే?"

వదిన గబుక్కున లేచి నిలబడింది. తనొక్కతే ఉన్నప్పుడు ఏనాడూ మూత పెట్టింది లేదు.

నేనైతే అక్కడితో సంబరపడేవాణ్ణి. ఆవిడ అమ్మనూ పక్కింటి పిన్నినీ తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టి, మూత లేకుండా నడిపింది. మధ్యాహ్నమంతా నడిచింది. మర్నాడు మూత పెట్టి, గదిలో ఎవర్నీ ఉండనీయకుండా తలుపు వేసింది. మళ్ళీ తలుపు తీసేసరికి అక్షరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. దుమ్ము రానీయని మూత లోపలి వేడిని కూడా పోనీయడం లేదు.

"దిష్టి కాదత్తయ్యా, ఉక్క. పాపం, దానికి గాలాడలా" అంది వదిన.

రేపే ఉగాది. రేకుకు కన్నాలు కొట్టిద్దామంటే సాయిబు గారు ఊళ్ళో లేడు. మూత లేకుండానే చూపిస్తానంది వదిన.

"నలుగురూ నవ్వుతారే" అంది అమ్మ.

"నేర్చుకునే పిల్లలు గదత్తయ్యా. లోపలేముందో వాళ్ళు చూడొద్దా?"

పండగ నాడు అనుకున్నట్టే జనం వచ్చారు. తండ్రులు కుర్చీల్లో, ఆడపిల్లలు గోడవార కూర్చున్నారు. గంట దాటినా అక్షరాలు కదులుతూనే ఉన్నాయి. నాన్న గడియారం చూసుకోవడం మానేశాడు. అప్పుడు కూతుర్ని తీసుకొచ్చిన మోటార్ల షాపాయన లేచాడు.

"చానా బాగుందమ్మా. రేపు మా పిల్ల చెయ్యి పెట్టినాక ఆగిపోతే? ఆడపిల్ల చెడగొట్టిందంటారు."

కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. వదిన ఒక్క క్షణం ఆయన వంక చూసి, స్విచ్చి కట్టేసింది. ప్లగ్గు పీకి, స్క్రూ విప్పి, లోపలినుంచి ఒక కార్డు ఊడదీసి బల్ల మీద పెట్టింది. నాన్న కుర్చీలోంచి లేచాడు. 

"ఇదిగోనన్నా, నేనే చెడగొట్టా" అని, స్క్రూడ్రైవర్‌ను ఆయన కూతురి వైపు చాపింది. "నువ్వు బాగుచెయ్యి తల్లీ. పక్కన నేనున్నా."

ఆ పిల్ల తండ్రి వంక చూడలేదు. ఓణీ చెంగు నడుములో దోపుకుని లేచి వచ్చింది. ఆ పిల్ల వెనకే ఇంకొకతి లేచింది, తర్వాత గోడవార ఉన్న పిల్లలందరూ వచ్చి బల్ల చుట్టూ మూగారు. కుర్చీల్లో ఉన్న మాకెవరికీ ఇక కంప్యూటర్ కనపడలేదు. వరసగా జడలే కనపడ్డాయి.