ఎదురు సీట్లో ఇసుక బస్తా

మా పార్కు గేటు జనానికి తెరిచేది పదకొండింటికి. నేను వెళ్ళేది ఏడింటికి. అప్పటికి కొలంబస్ పడవ కదలకుండా ఉంటుంది, డాషింగ్ కార్లు గోడవారగా బుద్ధిమంతుల్లా నిలబడి ఉంటాయి, పాటల మైకు నోరు మూసుకుని ఉంటుంది. రోడ్డుకి అవతల సముద్రం మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. దాని పనల్లా మా ఇనుము తినడం. ఇరవై ఏళ్ళకు పైగా దాని నోట్లోంచి ఇనుము లాక్కోవడమే నా ఉద్యోగం. నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. దానికింకా ఏమీ రాలేదు.

నేను ఫిట్టర్ని. విజయనగరం అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. ఐటీఐ చదివి, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద కొన్నాళ్ళు పనిచేసి, ఈ పార్కులో వచ్చి పడ్డాను. పడ్డవాణ్ణి మళ్ళీ లేవలేదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రెండు గదుల అద్దె ఇల్లు. కూతురి పురిటికని హైదరాబాదు వెళ్ళిన మా ఆవిడ, మనవడు నాలుగడుగులు వెయ్యగానే వచ్చేస్తానంది. వాడిప్పుడు బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళుతున్నాడు. రోజూ ఫోను చేసి తిన్నానో లేదో అడుగుతుంది. తిన్నానంటాను.

పార్కులో అన్నిటికంటే పాతది జెయింట్ వీలు. దానికి పన్నెండు తొట్లు. ఒక్కో తొట్టిలో ఎదురెదురుగా రెండు సీట్లు. రోజూ పొద్దున్న గ్రీజు పెట్టి, బోల్టులన్నీ బిగించాక, జనం ఎక్కకముందే మొదటి చుట్టు మేమే తిరగాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కొత్త బండి కొన్నవాడు నిమ్మకాయలు తొక్కించినట్టు, మేం పెట్టుకున్న ఆచారం. బాగుచేసినవాడే ఎక్కనంటే ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఏ మొహంతో ఎక్కిస్తాం?

మేం అంటే నేనూ, మా వెల్డరూ. అతనిది భీమిలి. తండ్రీ అన్నలూ అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. సముద్రం పడని జాలరి కొడుకు ఏం చేస్తాడు, వెల్డింగు నేర్చుకున్నాడు. మా ఊళ్ళు వేరు, కులాలు వేరు, అయినా మొదటి రోజే బావా అన్నాడు. అంతే, ఆనాటి నుంచి బావ.

తొట్టిలో నేను హార్బరు వైపు మొహం పెట్టి కూర్చునేవాణ్ణి, అతను భీమిలి వైపు. పైకి వెళ్ళేసరికి నాకు క్రేన్లూ, యారాడ కొండా, తెల్లవారుతూనే లోపలికి వచ్చే ఓడలూ కనిపించేవి. అతనికి అన్నల పడవలు కనిపించేవట. అంత దూరం కనిపించవని నేననేవాణ్ణి, నీ కళ్ళకి కనిపించవులే అని అతననేవాడు. ఎవరి వెనకాల ఏముందో ఎదుటివాడే చెప్పాలి. దిగాక అతని టిఫిను క్యారేజీలోని చేపల పులుసుతో నా ఇడ్లీలు తినేవాళ్ళం. ఇడ్లీకి పులుసేమిటని మొదట్లో మొహం చిట్లించిన నేనే, తరువాత తరువాత అది లేకపోతే ఇడ్లీ ముట్టేవాణ్ణి కాదు.

ఏడాదికోసారి తనిఖీకి వచ్చేవారు. తొట్టి తొట్టికీ నలుగురి బరువు వేసి తిప్పి చూపించాలి. అందుకు ఇసుక బస్తాలు వాడేవాళ్ళం. ఒక ఏడాది పాత బస్తాలు చివికిపోయాయి. రావలసిన నది ఇసుక లారీ రాలేదు. మర్నాడే తనిఖీ. మా వెల్డరు మేనకోడలి పెళ్ళికని ఆ రోజు సెలవు పెట్టాడు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తే, రోడ్డు దాటగానే ఎంత కావాలంటే అంత ఇసుక. యూరియా సంచులు పట్టుకుని బయలుదేరాను. నలభై ఎనిమిది సంచులు నింపించి, ఒక్కో తొట్టిలో నాలుగేసి పెట్టించాను. తనిఖీ బాగా జరిగింది. ఎంత తెలివైనవాడివయ్యా అని మేనేజరు మెచ్చుకుంటే, ఒక వారం పాటు నా కాళ్ళు నేల మీద లేవు.

తనిఖీ అయ్యాక బస్తాలు దించాలి. షెడ్డు నిండా పాడైన టాయ్ ట్రైను పెట్టెలు. వానాకాలం, జనం రారు, వీలు ఎలాగూ తిరగదు. బస్తాల్ని తొట్లలోనే వదిలేశాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. అవి వెలిశాకే బస్తాలు దించి షెడ్డులో వేశాం.

రెండేళ్ళు గడిచాక, వేసవి సెలవుల్లో, నాలుగో నంబరు తొట్టిలో కాలు పెట్టిన ఒకావిడ పాదం అడుగు రేకులోంచి కిందికి దిగిపోయింది. తొట్టి ఇంకా కిందనే ఉంది కాబట్టి సరిపోయింది. మడమ గీరుకుంది, చెప్పు ఊడి కింద పడింది. అదే పైన జరిగి ఉంటే ఆవిడ మిగిలేది కాదు.

మేనేజరు వచ్చి వంగి, రేకు విడిపోయిన చోట పెన్నుతో పొడిచి చూశాడు. విడిపోయింది సరిగ్గా వెల్డింగు అతుకు వెంబడే. పని చెత్తగా చేశారన్నాడు. మా వెల్డరు నెమ్మదిగా, “నా అతుకు ఊడదు సార్” అన్నాడు. అని నా వైపు చూశాడు. ఫిట్టర్ని నేను. నా మాటకి అక్కడ విలువుంది. ఒకసారి గ్రైండరుతో రంగు గీకి చూద్దాం సార్ అంటే చాలు. నేను నా చేతిలోని పానా వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ మధ్య అతను పని తొందర తొందరగా ముగించి ఇంటికి పరిగెడుతున్నాడని నా మనసులో ఉంది. ఇసుక సంగతి నాకసలు గుర్తే లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ రోజు నాది అర్ధం కాదు, పూర్తి అంగీకారమే.

అతను కేబులు చుట్టుకుని, మాస్కు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోను చేస్తే తియ్యలేదు. కొన్నాళ్ళు చేసి నేనూ మానేశాను. సెలవుల రద్దీ కదా, విప్పి చూసే తీరిక ఎవరికీ లేదు. ఇంకో వెల్డరుని పిలిచి ఆ రేకు మీదే ఇంకో రేకు వేయించి, ఎర్ర రంగు కొట్టించారు. పైన పటారం, లోన లొటారం.

ఆ మర్నాటి నుంచి మొదటి చుట్టు ఒక్కణ్ణే. ఒక్కడే కూర్చుంటే తొట్టి ఒక పక్కకి ఒరుగుతుంది. బరువు సర్దడానికి షెడ్డులో ఉన్న ఇసుక బస్తాల్లోంచి ఒకటి తెచ్చి ఎదురు సీట్లో పెట్టుకున్నాను. సంచి చిరిగినప్పుడల్లా అదే ఇసుకని కొత్త సంచిలో పోసేవాణ్ణి. ఆరేళ్ళు. స్విచ్చి వేసే ఆపరేటరు నాతో రెండే మాటలు మాట్లాడతాడు, వెయ్యమంటావా, ఆపమంటావా అని. అందుకని బస్తాతో మాట్లాడేవాణ్ణి. ఏం బావా, ఇవాళ భీమిలి కనిపిస్తోందా అని అడిగేవాణ్ణి. మొదట్లో వేళాకోళంగానే మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి అది వేళాకోళం కాకుండా పోయింది. మెడ తిప్పి నేనే చూడొచ్చు. ఎందుకో ఎప్పుడూ తిప్పలేదు.

ఈ సంవత్సరం కొత్త మేనేజరు వచ్చాడు. వీలుని తుక్కుకి వేసెయ్యాలా, బాగు చెయ్యాలా అని ఆలోచన. పన్నెండు తొట్ల అడుగులూ విప్పి చూడమన్నాడు, ఇనప చట్రం గట్టిగా ఉంటే కొత్త రేకులు వేద్దామన్నాడు. నాలుగో నంబరు తొట్టి వంతు వచ్చినప్పుడు పై రేకు కోసి తీశాను. కింద పాత రేకు, దాని మీద ఆ పాత అతుకు. వైర్ బ్రష్ పెట్టి రుద్దాను. అతుకు అతుకులాగే ఉంది, తెల్లగా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, చెక్కు చెదరకుండా. దాని పక్కనున్న రేకు మాత్రం చిల్లులు పడి అప్పడంలా విరిగిపోయింది. ఆ సందులో గట్టిపడి ఇసుక ఉంది. తొట్టిలో ఇసుక ఎక్కడిదా అనుకుంటూ చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను.

ఉప్పగా ఉంది.

ఆ తొట్టిలోనే చాలాసేపు కూర్చుండిపోయాను. సంచులు, వానలు, పెన్ను, పానా, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. చివరికి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆరేళ్ళు మాట్లాడిన ఆ బస్తా గుర్తుకొచ్చింది. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

ముందు మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు తప్పు వెల్డింగుది కాదు, నాది అని చెప్పాను. ఆయన ఫోన్లోంచి తలెత్తి, పాత సంగతులు ఇప్పుడెందుకండీ, చట్రం బాగుందా లేదా అన్నాడు. బాగుందన్నాను. తప్పు ఒప్పుకుందామంటే వినే నాథుడు లేడు. వినాల్సినవాడు ఒక్కడే ఉన్నాడు.

అతుకున్న ముక్కని జానెడు పొడుగు కోసి, సంచిలో వేసుకుని భీమిలి బస్సెక్కాను. దారి పొడవునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. బస్టాండు దగ్గర అతని షాపు, గేట్లూ కిటికీ గ్రిల్సూ చేస్తున్నాడు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నేను ముక్క తీసి చేతికిచ్చాను. అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరాడు.

“ఇది నాదే,” అన్నాడు.

ఇసుక సంగతి, సంచుల సంగతి, వానల సంగతి అంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

“ఇసక సంగతి ఆ రోజు నీకు తెల్దు కదా,” అన్నాడు.

“తెల్దు బావ.”

“మరైతే ఆ రోజు నా అతుకే ఊడిపోనాదని అనుకున్నావా?”

బస్సులో వల్లె వేసుకున్న వాటిల్లో దీనికి జవాబు లేదు. లేదనొచ్చు. ఆరేళ్ళయింది, ఎవరు చూశారు.

“అనుకున్నాను,” అన్నాను.

అతను ముక్కని బల్ల మీద పెట్టి, మాస్కు దించుకుని, ఒక గ్రిల్లుకి రెండు అతుకులు వేశాడు. నేను తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాను. మాస్కు ఎత్తాక, ఇన్నాళ్ళూ మొదటి చుట్టు ఎవరితో తిరిగావని అడిగాడు. ఇసుక బస్తాతో అన్నాను.

“బాగానే కుదిరింది. అదీ నీలాగే, మాటాడదు.”

టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం. కొత్త రేకులు వేశాక మొదటి చుట్టుకి రమ్మని అడిగాను, ఫలానా రోజని కూడా చెప్పాను. నాను రాను అన్నాడు, కోపంగా కూడా కాదు. నేను బస్సుకి లేచాక మాత్రం వెనక నుంచి, “కొత్త రేకుకి నాలుగు మూలలా బెజ్జాలెయ్యి. నీళ్ళు నిలబడకూడదు,” అన్నాడు.

వేశాను. పన్నెండు తొట్లకీ, మూల మూలకీ, నా చేత్తోనే. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, దాని మీద రంగు. అనుకున్న రోజు పొద్దున్న బస్తాని భుజానికెత్తుకుని రోడ్డు దాటి, మూతి విప్పి, ఇసుకని ఎక్కడ నుంచి తెచ్చానో అక్కడే పోశాను. తొమ్మిదింటి దాకా గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. రానన్నవాడు రాడని తెలుసు. అయినా భీమిలి నుంచి వచ్చే ప్రతి బస్సునీ చూశాను.

నాలుగో నంబరులో ఎక్కి, నా సీట్లో నేను కూర్చున్నాను. బస్తా ఏదని ఆపరేటరు అడిగాడు. అతను మూడో మాట మాట్లాడడం అదే మొదటిసారి. వద్దులే, వెయ్యి అన్నాను. కదలగానే తొట్టి నా పక్కకి ఒరిగింది. పైకి వెళ్ళే కొద్దీ గాలికి ఇంకా ఒరిగింది. కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. పాదాల దగ్గర నాలుగు బెజ్జాల్లోంచి కింద నేల కనిపించింది. పైన ఒక్క క్షణం ఆగినప్పుడు, మెడ తిప్పి భీమిలి వైపు చూశాను. ఎండలో మెరిసే నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. పడవలు కనిపించాలంటే ఆ కళ్ళే కావాలి.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. మా ఆవిడే అనుకుని తీశాను.

“బెజ్జాలేసేవా?” అన్నాడు.

“ఏసేను బావ.”

“బస్తా ఎట్టేవా?”

“ఎట్నేదు.”

“మరి ఒరిగిపోద్ది కదా.”

“ఒరిగింది.”

ఇంతలో మా ఇంటి పక్క నుంచి గూడ్సు బండి వచ్చింది, బొగ్గు నింపుకున్న పొడుగాటి బండి. అది వెళ్ళేదాకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. వెళ్ళాక బావా అన్నాను. లైను లేదు. అతను బండి వస్తూనే పెట్టేశాడో, పోయేదాకా ఆగి పెట్టేశాడో నాకు తెలియదు. మళ్ళీ చేసి అడగలేదు.

రోజూ పొద్దున్న మొదటి చుట్టు ఇప్పటికీ నేనే తిరుగుతున్నాను. తొట్టి నా పక్కకి ఒరిగే తిరుగుతుంది. ఎదురు సీట్లో ఏమీ పెట్టడం లేదు. అది అతని సీటు.