కమిట్ మెసేజీల్లో ఎండా వానా

నేను డైరీ రాయని రోజు లేదు. జ్వరం వస్తే జ్వరం వచ్చిందని రాశాను. ఏమీ జరగని రోజు ఏమీ జరగలేదని రాశాను. అలాంటి రోజులే ఎక్కువ. మా పెళ్లి రోజు పేజీలో మొదట తేదీ, తర్వాత వారం, ఆ తర్వాత "ఎండ, మధ్యాహ్నం మబ్బు", దాని కింద "సాంబారు పలచన" అని ఉంటుంది. పెళ్లికూతురి ప్రస్తావన పేజీ అడుగున వస్తుంది. ఆ పేజీ ఒకసారి మా ఆవిడ కంటబడింది. అప్పట్నుంచీ మా ఇంట్లో సాంబారు గరిటె నిలబడేంత చిక్కగా ఉంటోంది.

ఈ వరస నాకు ఉద్యోగంలో అబ్బింది. తిరుపతిలో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో రిపేరు కార్డులు చూసే పని నాది. డ్రైవరు బండి తెచ్చి వదిలేసి "బ్రేకు సరిలేదు" అని రాసిపోయేవాడు. మెకానిక్కు దాని కింద "చూసినాం" అని రాసేవాడు. ఏం చూశారు? బ్రేకునా, డ్రైవరునా, మ్యాట్నీనా? మర్నాడు అదే బండి ఇంకో డ్రైవరు ఎక్కుతాడు, వాడికి ఆ ఒక్క మాటే ఆధారం. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ముందు వారం, వాతావరణం, ఊరు, షిఫ్టు, రాసిన మనిషి. ఆ తర్వాతే సంగతి. బ్రేకు పట్టనిది వానలోనా ఎండలోనా అన్నది బస్సుకు కావాల్సిన ముక్కే. మెకానిక్కులు నా వెనకాల నన్ను "వానాకాలం సారు" అనేవాళ్లు. కొన్నాళ్లకు ఆ "వెనకాల" కూడా మానేశారు.

రిటైరయ్యాక సరిదిద్దడానికి మనుషులు కరువయ్యారు. మా ఆవిడను సరిదిద్దే ధైర్యం లేదు. అలాంటి సమయంలో మా చిన్నమ్మాయి మా ముందు గదిలోనే కంపెనీ పెట్టింది.

కంపెనీ అంటే రెండు ల్యాప్‌టాపులు, ఒక ఫ్యాను, మా వంటింటి కాఫీ. భాగస్వామి ఆమెతో పాటు చదివిన వడమాలపేట అబ్బాయి. ఉన్న కస్టమరు ఒక్కరే, బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. రైతు ప్లాస్టిక్ క్రేట్లలో కాయలు తెచ్చిన ట్రాక్టరును కాటా మీద నిండుగా ఒకసారి, కాయలు దించాక ఖాళీగా ఒకసారి నిలిపితే, వీళ్ల ప్రోగ్రాము ఆ తేడాను కాయల బరువుగా లెక్క కట్టి చీటీ ఇస్తుంది. ఆ ఫ్యాక్టరీ వద్దంటే కంపెనీలో మిగిలేది ఫ్యాను.

ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా దాన్ని భద్రపరిచి, ఏం మార్చారో ఒక ముక్క రాయాలట. దాన్ని కమిట్ మెసేజ్ అంటారు. ఆ ముక్కలన్నీ తెర మీద వరసగా కనిపిస్తాయి. ఎక్కడైనా తేడా వస్తే, ఏ మార్పుతో వచ్చిందో చూసి ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. వినగానే నాకు ముచ్చటేసింది. కంప్యూటరుకు కూడా డైరీ ఉందన్నమాట. చూపించమన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఫిక్స్." "మళ్లీ ఫిక్స్." "ఇప్పుడన్నా." "ఫైనల్." "ఫైనల్ కాదు." "తిన్నాక చూస్తా." "దేవుడా."

"ఇది డైరీనా, ఆస్పత్రిలో మూలుగా?" అన్నాను.

"మాకు అర్థమవుతాది లే నాయనా" అంది మా అమ్మాయి.

"అయితే చెప్పు. ఈ 'దేవుడా' అన్నప్పుడు ఏం మార్చినారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది ఆయనకే తెలియాల" అన్నాడు వడమాలపేట అబ్బాయి.

నేను కాగితం తీసుకుని నా షెడ్డు పద్ధతి రాసి గోడకు అంటించాను. వారం, వాతావరణం, ఊరు, పూట, రాసిన మనిషి, విషయం. అబ్బాయి దాన్ని చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, ప్రోగ్రాముకు ఎండేంది, వానేంది?"

"నువ్వు రాయప్పా. ఒకనాటికి పనికొస్తాది."

కాఫీ మా ఇంటిది కాబట్టి రాశారు. పది రోజులు తిరక్కముందే ఆ తెర చూడముచ్చటగా తయారైంది. ప్రతి వరసా ఒకే రకంగా మొదలయ్యేది, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లాగా. నేను రోజూ పొద్దున పేపరు కంటే ముందు దాన్ని చూసేవాణ్ణి.

తోతాపురి మామిడి కోతలు జోరుగా ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. మా అమ్మాయి స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, మీకు లెక్కలు ఎవురు సెప్పినారు? నిన్న సాయంత్రం నుంచి అందరికీ బరువు తక్కువ సూపిస్తా ఉండాది. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసినాయి. రైతులు నా సొక్కా పట్టుకుంటా ఉండారు."

"కాటా సరిగ్గా ఉండాదా సార్?"

"కాటా బాగానే ఉండాది. నా సొక్కానే బాగలేదు. మధ్యాన్నం లోపల సరిసేయండి. లేకుంటే మదనపల్లెలో ఒకాయన ఇట్లాంటిదే పెట్టుకొని నా సుట్టూ తిరగతా ఉండాడు, ఆయన్ని పిలుస్తా. మీది తీసేస్తా."

ఫోన్ పెట్టేశాడు. మొన్నటిదాకా సరిగ్గా ఉన్న లెక్క, ఈ మధ్య చేసిన మార్పులన్నీ నిన్న ఫ్యాక్టరీకి పంపాక తప్పింది. వాటిలో ఏదో ఒకటి చేసిన పని ఇది. ఏదో తెలియాలంటే వరస చూడాలి. వరస తెరిచింది.

"సోమవారం, ఎండ, తిరుపతి, ఉదయం..." "సోమవారం, ఎండ, తిరుపతి, మధ్యా..." "మంగళవారం, ఎండ, తిరుపతి, ఉద..."

ఆ తెరలో ఒక్కో మెసేజీకి జానెడు చోటే ఉంటుంది. మిగతాది చుక్కలైపోతుంది. విషయం మొత్తం చుక్కల వెనక ఉండిపోయింది.

"నాయనా, ఇదేంది?"

"ఎండ" అన్నాను. ఆ వారమంతా నిజంగానే ఎండ.

"వారం, టైము, రాసినోళ్ల పేరు అదే రాసుకుంటాది. ఆ పక్కన సూడు."

చూశాను. పక్కనే బుద్ధిగా ఉన్నాయి. ఇన్నాళ్లూ అటు చూడలేదు.

చుక్కల మీద నొక్కి ఒక్కొక్క మార్పూ తెరవడం మొదలుపెట్టింది. తెరిచి, లోపలంతా చదివి, ఇది కాదని మూసి, తర్వాతది. సగం మార్పులు చేసిన వడమాలపేట అబ్బాయిని అడుగుదామంటే, అతను అత్తామామలకు రాకెట్టు చూపిస్తానని శ్రీహరికోట వైపు పోయాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది.

"ఏం సామీ, వాతావరణం ఎట్లుండాది?"

నేను కళ్లజోడు తుడుచుకుని, పని చేస్తున్నట్టు కనిపించడానికి, మా అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తుండగా మౌసు అందుకుని తెర మీద వరసను కిందికి జరుపుతూ పోయాను. నా పద్ధతి ఎంత బాగా పాటించారో అప్పుడు కూడా ఒక మూల సంతోషంగానే ఉంది. అంతలో వరస తప్పిన మెసేజీ ఒకటి కనిపించింది.

"క్రేటు బరువు అందరికీ తీసేస్తున్నా. పెద్దాయన ఎం..."

"సూసినావా, మీ వడమాలపేట అబ్బాయి రూలు తప్పినాడు. తొందరలో..."

"ఆగు నాయనా. ఆగు." మౌసు నా చేతిలోంచి లాక్కుంది. మిగతాది తెరిచింది. "పెద్దాయన ఎండ సంగతి సోమవారం వచ్చి రాస్తా" అని ఉంది. ఆమె అది చదవలేదు, మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

"క్రేట్లు ట్రాక్టరులోనే తిరిగి పోతాయి. ఖాళీ బండిని తూచేటప్పుడు వాటి బరువు ఎట్లాగూ పోతాది. వీడు మళ్లీ ఇంకోతూరి తీసినాడు. క్రేట్లు వదిలేసి పోయే రైతులకు మాత్రమే తీయాల."

ఆ ఒక్క మార్పును వెనక్కి తీసుకుంది. మేనేజరుకు ఫోన్ చేసి, గేటు దగ్గరున్న ట్రాక్టరుకు మళ్లీ చీటీ తీయమంది. అవతల ఇంజన్ల శబ్దం, ఎవరో ఎవర్నో తిట్టడం, చివరికి చీటీ చింపిన చప్పుడు.

"వచ్చిందమ్మా. సరిగ్గా వచ్చింది."

"నిన్న సాయంత్రం నుంచి తప్పు పోయిన చీటీలన్నీ మళ్లీ ఇచ్చేయండి సార్. మదనపల్లె ఆయనకు..."

"ఆయనకు ఫోన్ సెయ్యలేదు లే. ముందు సొక్కా మార్చుకోవాల."

సాయంత్రం వడమాలపేట అబ్బాయి ఫోన్ దొరికింది. జరిగింది విని, "తప్పు నాదే. ఈడ కూడా పని కాలేదు. రాకెట్టు లేచీ లేవకనే మబ్బులోకి పోయింది. మా మామ ఇంకా తిడతా ఉండాడు" అన్నాడు.

"పోయేముందు వాతావరణం సూసుకోవాల గదప్పా" అన్నాను పక్కనుంచి.

గోడ మీది కాగితాన్ని మా అమ్మాయి చించేసింది. ఇంకోటి అంటించలేదు. ఏం మార్చామో ముందు నాలుగు మాటల్లో, ఎందుకు మార్చామో ఒక వరస వదిలి కింద, అని నోటితోనే చెప్పింది. రోజూ అదే పద్ధతి, ఇద్దరికీ అదే. నాకు ఇందులో పాత్ర లేదని కూడా చెప్పింది.

ఆ రోజు ఆమె రాసిన మెసేజ్ మర్నాడు పొద్దున పేపరు కంటే ముందు చదివాను. పైన "క్రేటు బరువు రెండోసారి తీయడం ఆపాను" అని జానెడులో సరిపోయింది. తెరిస్తే కింద, "ఖాళీ ట్రాక్టరును తూచినప్పుడే ఆ బరువు పోతుంది. మళ్లీ తీస్తే రైతు నష్టపోతాడు." దాని కింద ఇంకో వరస వదిలి, "ఎండ."

"ఇదెవరి కోసం?" అన్నాను.

"కిందిదాకా తెరిచి చదివేవాళ్లు ఒకరుండారు గదా" అంది, ల్యాప్‌టాపు లోంచి తల ఎత్తకుండా.