నల్ల ముళ్లబంతుల పురుడు

నేపుల్స్ రేవులో రెస్తితూతా అని ఒకావిడ ఉంది. పాము విషం చుక్కేసి సముద్రంలోని నల్ల మగాళ్లందరికీ కడుపు చేసింది. నవ్వకండి, సాక్షులున్నారు.

సముద్రజీవుల పరిశోధనశాలలో గాజుగిన్నెలు, తొట్లు కడగడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా వాటికి సబ్బు తగలనివ్వలేదు. సబ్బు వాసనకే ముళ్లబంతుల గుడ్లు చస్తాయి; సముద్రంలో రాళ్లకంటుకుని బతికే, ఒళ్లంతా ముళ్లున్న గుండ్రటి జీవులవి. ఆ జూన్‌లో ఎల్వీరా అనే కుర్ర పరిశోధకురాలి దగ్గర రక్తపింజర విషం ఒక్క సీసా మిగిలింది. ముళ్లబంతి గుడ్డు పైపొరను ఆ విషం ఏం చేస్తుందో శనివారంలోగా తేల్చకపోతే ఆమె గది ఇంకొకరికి పోతుంది.

శుక్రవారం పొద్దున్నే రెస్తితూతా మరిది, జాలరి అనియెల్లో ముళ్లబంతుల బుట్ట దించాడు.

"మీరడిగినట్టు అన్నీ ఊదావే, ఆడవే అమ్మాయిగారూ! సాన్ జెన్నారో స్వామి మీద ఒట్టు, ఒక్క మగది లేదు. నల్లవాటిని చేపల ఎరకని బకెట్లో పడేశా."

పన్నెండు పగలగొట్టారు. నాలుగింట్లో తెల్లటి మగపాలు, అంటే వీర్యం; మిగతావి ఖాళీ, గుడ్డన్నదే లేదు. ఎల్వీరా స్టూలు మీద కూలబడింది. ఆ పిల్ల మొహం చూసి రెస్తితూతా ఊరుకోలేకపోయింది.

"ఏమయ్యా మరిదీ, నల్లవి మగవని ఎవడు చెప్పాడు?"

"మా తాత! రేవంతా అదే మాట. నువ్వెప్పుడు చదువుకున్నావు వదినా?"

"నల్లవాటి తొట్టి అడుగున రోజూ ఎర్రటి రవ్వ ఎత్తిపోస్తున్నా. మీ తాత ఎప్పుడైనా గుడ్లు పెట్టాడా?"

బకెట్లోంచి ఒక నల్లదాన్ని తీసి గిన్నె మీద బోర్లించింది. బొటనవేల్లో ముల్లు దిగినా వదల్లేదు. ఎర్రటి రవ్వ జలజలా రాలింది.

ఎల్వీరా తల కొట్టుకుంది. "నల్లవి వేరే జాతి, ఊదావి వేరే జాతి, రెండింట్లోనూ ఆడామగా ఉంటాయి! రేవు మాటలో 'ఆడవి' తెమ్మని నేనే చెడగొట్టుకున్నా."

ఇంకో నల్లదాంట్లో మగపాలూ దొరికాయి. గుడ్లను మూడు గిన్నెల్లో పోశారు. మామూలు నీళ్లలో మగపాలు తగలగానే పైపొర పొక్కులా లేచింది. పొరను కరిగించే ఎంజైమ్‌తో ముందే కడిగినవాటికి పొర లేవనేలేదు, అయినా మగపాలు తగిలి గుడ్డు చీలి రెండై, నాలుగైంది. విషం పడ్డవి మాత్రం చితికిపోయాయి.

"కారం ఎక్కువైతే నీళ్లు పొయ్యాలి తల్లీ," అంది రెస్తితూతా.

ఎల్వీరా విషాన్ని వందింతలు పలచన చేసింది. ఈసారి మగపాలు తగలకుండానే పొర నెమ్మదిగా పైకి లేచింది. విషం చేసే పనేమిటో తేలింది, ఎల్వీరా గది ఎల్వీరాకే ఉండిపోయింది.

మా వదిన విషంతో నల్ల మగాళ్లకు కడుపు చేసిందని రేవంతా చాటింది అనియెల్లోనే. నిజమేనా అని అడిగితే రెస్తితూతా చేతులు తుడుచుకుంటూ అంది:

"విషం అమ్మాయిది. నల్లవి ఆడవే. నేను తొట్టి కడిగాను, అంతే."