రెజీనా అక్కను అడగకుండా నింపిన ఫారం

“ఈ ఫారం నింపింది ఎవరు?” అని మేడమ్ కాగితం పైకెత్తి చూపించారు. మీటింగ్ హాల్లో నలుగురూ మెడలు చాచి చూశారు. చేతిరాత నాదే.

పోయినేడు పురసవాక్కంలో, మా సంస్థ ఆఫీసులో సంగతిది. దివ్యాంగులకు ఫిజియోథెరపీ ఇచ్చే చిన్న సంస్థ మాది. పదో తరగతి చదివి ఫీల్డ్ వర్కర్‌గా చేరాను. అంటే ఇల్లిల్లూ తిరిగి, నాలుగు కబుర్లు చెప్పి, ఎవరికేం కావాలో రాసుకొచ్చే పని. కబుర్లకు నా దగ్గర కొదవ లేదు.

ఆ రోజు స్ట్రాటజిక్ ప్లాన్ మీద చర్చ. వచ్చే మూడేళ్లు ఏ పని ఉంచాలి, ఏది ఆపాలి అని తేల్చుకునే కాగితమన్నమాట. “రాయపురంలో అందరూ సెంటర్‌కే వస్తామన్నారు. ఇళ్లకు వెళ్లి చేసే థెరపీ ఆపేద్దాం” అని మా సంస్థ నడిపే మేడమ్ చదివారో లేదో, చక్రాల కుర్చీలోంచి రెజీనా అక్క చెయ్యెత్తింది. రాయపురంలో మేం ఇంటికెళ్లి థెరపీ చేసేవాళ్లలో ఆమె ఒకరు. పుట్టుకతోనే ఆమెకు మాట నెమ్మది. ఒక్కొక్కటీ కూడబలుక్కోవాలి.

“నన్ను... ఎవురడిగినారు?”

అందుకే మేడమ్ ఆమె పేరుతో ఉన్న ఆ ఫారం వెతికి తీశారు.

నా నోరు ఊరుకుంటుందా! “నేనే మేడమ్. అడిగాను. అక్కకు ప్రశ్న అర్థం కాలేదేమో” అనేశాను.

రెజీనా అక్క నవ్వింది. “అడగలా. నేనే... పిలిచినా. నువ్వు... చెయ్యూపి పోయినావు.”

నిజమే. ఫారం నింపిన రోజు వాళ్లింటి గుమ్మంలో ఆమె వదిన స్టెల్లా చేపలు కడుగుతోంది. “దాన్ని అడిగితే పొద్దు గూకుతాదిమే. నేను చెప్తా రాసుకో. సెంటరే మేలు” అంది. మధ్యాహ్నంలోపు ఇంకా పది ఇళ్లున్నాయి. సగం తీసిన కర్టెన్ వెనక నుంచి రెజీనా అక్క పిలుపు వినిపించింది. “వస్తా అక్కా!” అని చెయ్యూపి వచ్చేశాను.

“మా సందులోకి... ఆటో రాదు. రోడ్డు దాకా... మగోళ్లు ఎత్తుకోని రావాల. వారానికి రెండు తూర్లు. నీకైతే... సిగ్గు కాదామే?”

ఈ ఒక్క మాట చెప్పడానికి మీటింగ్‌కు కూడా ఆమె అలా ఎత్తించుకునే వచ్చింది.

తలెత్తలేకపోయాను. అడగనందుకు సగం, అర్థం కాలేదేమో అన్నందుకు సగం. ‘వాళ్లకేం అర్థమవుతుంది’ అనేవాళ్లకు నచ్చజెప్పి రమ్మనే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. మేడమ్ తిట్టలేదు. “రాయపురం ఫారాలన్నీ మళ్లీ రాయండి. అప్పటిదాకా థెరపీ ఆగదు” అని ప్లాన్ మూసేశారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఖాళీ ఫారంతో వెళ్లాను. “మళ్లీ వచ్చినావా?” అని స్టెల్లా నోరు తెరిచేలోపే కర్టెన్ తీసి లోపలికి నడిచాను.

“ఈ పొద్దు... ఎన్ని ఇళ్లు?” అంది రెజీనా అక్క.

“మీదొక్కటే అక్కా.”

“అట్టయితే... కూచో.”

కింద కూర్చుని మొదటి ప్రశ్న అడిగాను. అడిగి, నోరు మూసుకున్నాను.