పొలిమేర దగ్గర ఆటో ఆపించిన టీచరుగారు

మా ఎదురింటి టీచరుగారు నిద్రలోనే పోయారని పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. వచ్చే వాయిదాకి కాకినాడ కోర్టుకి నాతో ఎవరొస్తారు అనుకున్నాను. పోయిన మనిషి గురించి ఇలా మొదలుపెడితే బాగుండదని మా కోడలు అంది. నా భయం దాచిపెట్టి రాస్తే ఆవిడ గురించి ఏమీ రాయనట్టే. మా స్నేహం కుదిరిందే దానివల్ల.

నేను మూడో తరగతి దాటలేదు. గాలి గట్టిగా వీస్తే గోదారి ఊళ్లోకి వస్తుందనుకునే రకాన్ని. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. ఆవిడ ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరి మనిషి, ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకుని వెళ్లేవారు. వీధికి అటూ ఇటూ ఉన్నా చాలా ఏళ్లు మా మాటలు కూరల దగ్గరే ఆగిపోయేవి.

మా వీధిగది ఒక కంపెనీకి అద్దెకిచ్చాం. రొయ్యల చెరువుల్లో వాటా ఇస్తామని వాళ్లు జనం దగ్గర డబ్బు కట్టించుకునేవారు. ఒక మేనేజరు, కౌంటరు దగ్గర కూర్చునే మా ఊరి ఫరంపేట పిల్ల, అంతే ఆఫీసు. ఒక మధ్యాహ్నం మేనేజరు కంప్యూటర్లూ సంచులూ వ్యానుకెక్కించి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అడ్డం తప్పుకోమని నాతో అన్నాడు కూడా. ఆ పిల్ల అన్నం తిని వచ్చి, తాళం చూసి మెట్ల మీద కూలబడింది. కంపెనీ పెద్దలు మాత్రం సామాను మాయం చేసింది ఆ పిల్లేనని చెప్పారు. పెద్దాఫీసు కాకినాడలో ఉంది కాబట్టి కేసు అక్కడే పెట్టారు. చూసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, సాక్ష్యం చెప్పమని నాకు సమన్లు వచ్చాయి.

మా యానాం వాళ్లకి ఒక ధీమా ఉంది. చుట్టూ ఆంధ్రా, మధ్యలో మనం పుదుచ్చేరి. పక్కవాళ్ల కేసు మన పొలిమేర దాటి రాదని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. నేను అదే పట్టుకున్నాను. ఊరు దాటడం మానేశాను. పొలిమేర అవతల ఇంజరంలో మా చెల్లెలింట సీమంతం జరిగితే వెళ్లలేదు. కాకినాడలో కంటి శుక్లం తీయించుకోవలసిన రోజు, జ్వరమని అబద్ధం చెప్పి పడుకున్నాను. ఊరి చివర పెట్రోలు బంకుల వరస దాటితే ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుంటారనిపించేది.

టీచరుగారికి ఈ సంగతి తెలిసి ఒకరోజు నవ్వారు. "అయితే గోదారి మీద పడవెక్కినప్పుడు ఎలా వదినగారూ? అవతలి ఒడ్డు ఆంధ్రాయే కదా, సగం దాకా వెళ్లి వెనక్కొస్తారా?"

నాకు నవ్వు రాలేదు. సమన్లలో రాసిన ఇంగ్లీషు చూస్తేనే కాళ్లాడట్లేదన్నాను. అయితే రేపటినుంచి మధ్యాహ్నం వచ్చి కూర్చోమన్నారు.

ఆవిడ వరండాలో రెండు కుర్చీలు, మధ్యలో ఇంగ్లీషు పేపరు. అప్పట్లో ఆ కంపెనీ గొడవ పేపర్లో తరచూ పడేది. ఆవిడ బ్లేడుతో పెన్సిలు చెక్కుకుని, వార్తలో నన్ను భయపెట్టే మాట కింద గీత గీసేవారు. ఆ మాట నా చేత పైకి పలికించేవారు. పలకనిదే అర్థం చెప్పేవారు కాదు. "నోట్లోంచి బయటికి రానివ్వండి. లోపలుంటే అది పెరుగుతుంది" అనేవారు.

అక్యూజ్డ్ అంటే నేరం మోపబడిన మనిషి, విట్‌నెస్ అంటే చూసిన మనిషి. ఈ రెండూ వేరని నా గుండెకి ఎక్కడానికి చాలా రోజులు పట్టింది. అలెజ్డ్ అనే మాట మాత్రం వెంటనే నచ్చింది. అంటున్నారు గానీ ఇంకా తేలలేదని దానర్థమట. చేపలమ్మి వచ్చి ఇవి ఇప్పుడే పట్టినవంటే, అలెజ్డ్ అనేదాన్ని. టీచరుగారు వీధి అవతలనుంచి విని కళ్లద్దాలు తీసి నవ్వుకునేవారు.

మోసం ఇంకా చాలా ఉందని చెప్పడానికి టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్ అని పేపర్లో రాశారొకసారి. సముద్రంలో మంచుకొండలు నేనెక్కడ చూశాను? ఆవిడ చెంబుడు నీళ్లలో ఐసుముక్క వేసి చూపించారు. పైకి కనపడింది గోరంత, ములిగినదంతా కింద. ఇంకోరోజు, కంపెనీ పెద్దలు ఈ వ్యవహారంలో చేతులు కడుక్కున్నారని ఇంగ్లీషులో ఉంది. "ఇంగ్లీషువాళ్లు చేతులు కడుక్కుంటారు, తెలుగువాళ్లం దులుపుకుంటాం. మురికి మాత్రం ఒకటే వదినగారూ" అన్నారు.

స్కేప్‌గోట్ అనే మాట వచ్చిన రోజు ఆవిడ నవ్వలేదు. తప్పు పెద్దవాళ్లది, మెడకి తాడు చిన్నవాళ్లకి, అదీ దానర్థమన్నారు. ఆ పిల్ల మా మెట్ల మీద కూర్చున్న తీరు కళ్లముందు ఆడింది. ఆ పక్క పేరాలోనే అబ్‌స్కాండింగ్ అని మేనేజరు గురించి రాశారు. పరారీలో ఉన్నాడని.

"కోర్టుకి వెళ్లకుండా ఊళ్లోనే ఉంటే నన్ను కూడా అదే అంటారాండి?"

"సమన్లకి వెళ్లకపోతే వారంటు వస్తుంది. అది యానాం కూడా వస్తుంది" అన్నారు. నాతో అబద్ధం చెప్పరు ఆవిడ. పెన్సిలు కింద పెట్టారు. "మీకు వారంటు వస్తే నేనొచ్చి విడిపిస్తాను. ఆ పిల్లకెవరున్నారు? చూసింది మీరొక్కరే కదా."

వాయిదా రోజు ఆవిడే ఆటో మాట్లాడారు. దారంతా నేను చీరకొంగు నలుపుతూనే ఉన్నాను. పెట్రోలు బంకుల వరస దాటాక, పొలిమేర దగ్గర ఆటో ఆపించి నన్ను దింపారు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడమన్నారు. తనూ అలాగే నిలబడ్డారు, గొడుగు వేసుకుని. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు.

"ఏ కాలికైనా ఏమైనా అయిందా?"

"లేదండి."

"అయితే రెండోది కూడా అటు పెట్టండి."

ఆ రోజు ప్లీడరు రాలేదని కేసు వాయిదా పడింది. తర్వాతసారీ అంతే. రెండుసార్లూ పొలిమేర దగ్గర అలాగే దిగాం. తిరిగొచ్చేటప్పుడు కూడా దిగేవాళ్లం. వెళ్లినప్పుడే కాదు, వచ్చినప్పుడూ చూసుకోవాలి కదా అనేవారు. మూడో వాయిదా రాకముందే ఆవిడ వెళ్లిపోయారు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు వేళ్ల చివర పెన్సిలు నలుపు ఇంకా ఉంది. చర్చివాళ్లు తుడవబోతే ఉంచమన్నాను.

మొన్న ఆ మూడో వాయిదా. కోడలు వస్తానంది గానీ దాని బిడ్డకి ఒళ్లు కాలిపోతోంది. ఒక్కదాన్నే ఆటో ఎక్కాను. పొలిమేర దగ్గర కళ్లు మూసుకున్నాను, ఆపమనే ధైర్యం చాలలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనేమోనని.

నా పేరు పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంది. బోనులో చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల తరఫు ప్లీడరు తాళం ఎవరి దగ్గరుండేదని అడిగారు. మేనేజరు దగ్గరేనని చెప్పాను. తర్వాత కంపెనీ పెద్దల ప్లీడరు లేచారు. నాకు శుక్లాలున్నాయా లేదా, ఆపరేషను ఎందుకు మానుకున్నానో చెప్పమన్నారు. జ్వరమనలేదు, భయపడి మానుకున్నానని చెప్పాను. ఎవరో నవ్వారు. అలాంటి కళ్లతో మేనేజరుని ఎలా గుర్తుపట్టారన్నారాయన.

"మా గుమ్మంలో నేనున్నాను బాబూ. తప్పుకోమని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చూడ్డానికి కళ్లెందుకు?"

కోర్టువాళ్లు రాసుకున్నారు. నేను బోను దిగి వస్తుంటే ఆ పిల్ల బల్ల మీదనుంచి లేచి నిలబడింది. కేసు తేలలేదు. వాళ్లు మళ్లీ పిలవచ్చు. ఇది రాస్తున్నప్పుడు కూడా వీధిలో మోటారుసైకిలు ఆగితే గుండె ఆగుతోంది. భయం పోయిందని రాస్తే టీచరుగారు ఆ మాట కింద గీత గీస్తారు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం పొలిమేర దగ్గర ఆటో ఆపమన్నాను. దిగి, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి నిలబడ్డాను. ఎండ నెత్తి మీద ఉంది. గొడుగు పట్టేవాళ్లు లేరు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డానని తర్వాత చూసుకున్నాను.

ఆటో అబ్బాయి తల బయటపెట్టి, "ఏమైనా పడిపోయిందా మామ్మగారూ?" అని అడిగాడు.

నేల వంక చూస్తూ, ఇంకాసేపు ఉండమన్నాను.