ఉసిరికాయంత గుండ్లు

లక్ష్ముడికి నోరు ఆగదు. ఆ నోరే లేకపోతే మేనమామ కూతురు తాయారుతో అతని పెళ్ళి ఆ వైశాఖంలోనే ఏ చిక్కూ లేకుండా జరిగిపోయేది.

గరివిడి పక్కన మాంగనీసు రాయిని పిండిచేసే చిన్న మిల్లు ఒకటి ఉండేది. మేనమామ జగన్నాధం అందులో మేస్త్రీ, లక్ష్ముడు ఆయన కింద పనివాడు. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనప పీపాలో రాయీ, ఇనప గుండ్లూ కలిపి పోసి తిప్పితే, గుండ్లు దొర్లి దొర్లి రాయిని పిండిచేస్తాయి. అరవై ఎనిమిదిలో పాత గుండ్లు అరిగిపోయాయి. కొత్తవి ఏ సైజులో తెప్పించాలో తేల్చమని యజమాని మేస్త్రీకి వదిలేశాడు.

ఎప్పటిలాగే బత్తాయంతవి కావాలన్నాడు జగన్నాధం. దెబ్బ గట్టిగా పడితేనే రాయి లొంగుతుందని ఆయన నమ్మకం. తలూపి ఊరుకుంటే లక్ష్ముడి సొమ్మేం పోయింది? ఊరుకోలేదు. పిండి బరకగా ఉందని రంగుల కంపెనీ తిప్పి పంపింది పెద్ద గుండ్ల వల్లేనన్నాడు. బుట్టెడు గుమ్మడికాయల సందుల్లో పిల్లి దూరుతుంది, బుట్టెడు ఉసిరికాయల్లో చీమకైనా దారుండదు, కాబట్టి గుండ్లు ఉసిరికాయంతే ఉండాలని నలుగురిలో ఉపన్యాసం దంచాడు. నలుగురూ నవ్వారు. జగన్నాధం నవ్వలేదు.

"సరే అల్లుడూ, నీ ఉసిరికాయలే ఏద్దాం. పిండి మెత్తగా రాకపోతే మాత్రం పిల్లనివ్వను."

వద్దనాలనే అనుకున్నాడు లక్ష్ముడు. నోరు మాత్రం అలాగేనని ఒప్పేసుకుంది.

గుండ్లు వచ్చాయి. పొద్దస్తమానం పీపా తిప్పి, సాయంత్రం మూత విప్పారు. చారెడు పిండి రాలింది, మెత్తటిదే. దాని వెనకే రాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. పగలగొట్టే సత్తువలేని ఆ చిన్న గుండ్లు రోజంతా వాటిని నిమిరి నిమిరి నున్నగా తోమిపెట్టాయి. తలంటి పోసిన చంటిపిల్లల్లా నిగనిగలాడుతున్నాయి. తట్ట మోసే తవిటమ్మ, అచ్చనగాయలాటకి పనికొస్తాయని కాసిని ఏరి కొంగున మూటకట్టుకుంది.

లక్ష్ముడికి ఏడుపొచ్చింది. చేజేతులా తాయారుని పోగొట్టుకున్నాడు.

జగన్నాధం ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాడు, వాసన కూడా చూశాడు. తర్వాత ఆ రాళ్ళ మీదే చతికిలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పెద్దవి పగలగొడతాయి, చిన్నవి నూరతాయి, ఇకనుంచి రెండూ కలిపి వేద్దామన్నాడు. పైగా, ముహూర్తం పెట్టించమని వాళ్ళమ్మతో చెప్పమన్నాడు లక్ష్ముడితో.

లక్ష్ముడు తన చెవుల్ని తానే నమ్మలేదు. "నాను ఓడిపోనాను గదా మావా?"

"అందుకే ఇస్తన్నాను. మా ఇంట్లో తల్లీ కూతుళ్ళు సెప్పింది ఎప్పుడూ తప్పు అవదు. ఇన్నేళ్ళూ తప్పులన్నీ నానొక్కణ్ణే సేస్తన్నాను. నాకూ ఓ తోడు కావాలి గదరా."