మూడో స్టేజీ పేరు

కామారెడ్డి కంప్యూటర్ సెంటర్‌లో మాకు సి లాంగ్వేజ్ నేర్పిన అక్క రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. ఆ దారిలో ఊళ్లనే అంకెలకు పేర్లు పెట్టే ఈనమ్‌లో రాయించింది. సున్నా కామారెడ్డి, తర్వాత తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి. నేను ప్రోగ్రాం నడిపితే తెర మీద ఊరు రాలేదు, ‘3’ అని పడింది.

అక్క చూపుడువేలితో ఆ మూడును టకటకా కొట్టింది.

“కండక్టర్ ‘మూడు, మూడు’ అని ఒర్రితే ఎవలన్న దిగుతరా? పేరు చెప్పాలె.”

ప్రోగ్రాంలో స్విచ్ అనే ఆదేశం పెట్టి, ఏ అంకెకు ఏ పేరు చూపాలో రాయించింది. చివర డీఫాల్ట్ దగ్గర ఆగింది.

“గివేవీ కాని అంకె వస్తే ‘తెల్వదు’ అని రాయి. తప్పు ఊర్ల దింపుడు కన్న గదే నయం.”

ఇప్పుడు ఆఫీసులో తెర మీద ఉత్త అంకె కనబడితే చాలు, ఆ వేలి చప్పుడు మళ్లీ వినాలనిపిస్తుంది. ఉండబట్టలేక మొన్న ఎల్లారెడ్డి బస్సెక్కాను. బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో అడిగాను, కామారెడ్డికి పోయి కంప్యూటర్ నేర్పిన అక్క ఇల్లెక్కడని.

“పేరేంది?” అన్నాడు షాపాయన.

మాకందరికీ ఆమె అక్కే.

“తెల్వదు,” అన్నాను.